ఇటలీ ఆవిడ బొట్టు

కనాటా,
సెప్టెంబరు 14, 2024

అక్కా,

బాగున్నావా అని అడగను. బాగున్నవాళ్ళు ఇంట్లో గోడమీది బొమ్మని పీకి వేలానికి పెట్టరు.

నిన్న తారక్ ఒక లింకు పంపాడు. తారక్ తెలుసుగా, నాతోపాటే ఉద్యోగం పోయి, నాలాగా వ్యాసాలు రాస్తూ కూర్చోకుండా బుద్ధిగా ఇంకో ఉద్యోగం వెతుక్కున్నవాడు. వాడికి బొమ్మల పిచ్చి. "చూడు భయ్యా, ఇటలీ మోడర్న్ పెయింటర్ ఆయిల్ పెయింటింగ్ టొరంటోలో అమ్మకానికొచ్చింది, భలే ఉంది" అన్నాడు. తెరిచాను. నల్లబట్టల ఆవిడ. బల్లమీద గిన్నెలో రెండు నిమ్మకాయలు. వాటివంక చూడకుండా మనవంక చూసే ఆ చూపు. కింద రాశారు: నెల్లో బ్రుసాత్తి, కాన్వాసు మీద తైలవర్ణాలు, ప్రైవేటు సేకరణ, సార్నియా.

ప్రైవేటు సేకరణట! నీ డైనింగ్ టేబుల్ పక్కన, రైస్ కుక్కర్ ఆవిరి తగిలేచోట వేలాడే బొమ్మ. వెంటనే నీకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, "అరవకుండా కాగితం మీద రాయి" అని పెట్టేశావు. సరే, రాస్తున్నాను. కాగితం మీద కూడా అరవొచ్చని నీకు తెలియదు.

ఆ బ్రుసాత్తి ఎవరు? రేవు కూలీల సంఘంలో తిరిగినవాడు. పనిచేసి అలిసిన మనుషుల్ని తప్ప ఇంకెవరినీ గీయనన్నవాడు. మీ పక్కింటి తెరెసా చెప్పింది కదా, తన మొగుడికి అన్న వరస అని. ఆ కూలీల మనిషి బొమ్మని ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్ల బిల్డరో కొంటాడు. సోఫా రంగుకి సరిపోయిందా లేదా చూసుకుని కొంటాడు. తెరెసా వృద్ధాశ్రమానికి వెళుతూ నీ చేతిలో పెట్టింది అందుకేనా?

ఇంకో మాట. ఆ లింకులో ఓ పెద్ద వ్యాసం కూడా ఉంది. ఆవిడ నుదుటిమీద ఎర్రచుక్క గురించి ఒక పేరా మొత్తం రాశారు. "చిత్రకారుడు తరవాతి రోజుల్లో మళ్ళీ కుంచె పట్టి, పొరమీద పొర వేసి పెంచిన సాహసోపేతమైన ఎరుపు" అట! చదివి గట్టిగా నవ్వాను. నీ మేనకోడలు అమృత కేంబ్రిడ్జ్ వెళ్ళిపోయాక ఈ ఇంట్లో నా నవ్వు నాకే వినపడటం ఇదే మొదలు. అది నీ తిలకం అక్కా! నువ్వు శుక్రవారం శుక్రవారం పెట్టిన తిలకం! నిపుణుల బతుకు ఇంత.

వాళ్ళకి నిజం రాద్దామనుకుంటున్నాను. అసలు ఎందుకు అమ్ముతున్నావో నువ్వు నాకు చెప్పు. ఇబ్బందిగా ఉంటే ఇబ్బందని చెప్పు.

నీ తమ్ముడు,
యోగానంద్


సార్నియా,
సెప్టెంబరు 23

ఒరేయ్ యోగీ,

నీ అరుపు అందింది. పోస్టువాడు దాన్ని తెరెసా వాళ్ళ డబ్బాలో వేసిపోయాడు. ఆ ఇంట్లో ఇప్పుడు కాలేజీ పిల్లలు అద్దెకుంటున్నారు. ఎంతమందో నాకూ తెలియదు, వాళ్ళకీ తెలియదేమో. బస్సు కోసం చలిలో నిలబడి నిలబడి, ఎవరి కారు ఆగితే ఆ కారెక్కి పోతుంటారు. వాళ్ళలో గుంటూరు అమ్మాయి ఒకతి నీ ఉత్తరం తెచ్చిచ్చి, "ఆంటీ, ఇంకా ఉత్తరాలు రాసేవాళ్ళున్నారా!" అంది. ఉన్నారమ్మా, ఫోన్‌లో ఎదుటివాళ్ళని మాట్లాడనివ్వని వాళ్ళకి అదొక్కటే దారి అన్నాను.

ఈ ఏడు గోంగూర బాగా కాసింది. కోసి, ఉడికించి, ఫ్రీజర్‌లో పెట్టాను. తినేవాళ్ళని చూసి పెట్టలేదు, కోయకపోతే ముదిరిపోతుందని పెట్టాను.

బొమ్మ సంగతి. వేలం కంపెనీ నుంచి క్లేర్ అని ఒక అమ్మాయి వచ్చింది. మర్యాదస్తురాలు. గుమ్మంలోనే బూట్లు విప్పింది. "దీనికి మీరేమైనా చేశారా? కడగడం, రంగు వేయడం, బాగుచేయించడం?" అని అడిగింది. లేదన్నాను. అబద్ధం కాదురా. నేనేం చేశాను? బొట్టు పెట్టాను. ఇంటికొచ్చిన ఆడమనిషికి బొట్టు పెడితే ఆవిణ్ణి బాగుచేయించినట్టా? ఆ అమ్మాయి మాత్రం దగ్గరికి వెళ్ళి, ఆ ఎరుపు చూసి "ఓ మై గాడ్" అంది. బాగుందందో బాగాలేదందో తెలియలేదు. నేను నవ్వాను, ఆ అమ్మాయీ నవ్వింది. అది ఇంత దూరం వస్తుందని నాకేం తెలుసు?

నువ్వు వాళ్ళకేమీ రాయకు. నా మాటల్లో, నాకు వీలైనప్పుడు నేనే చెబుతాను. ఎందుకు అమ్ముతున్నానని నువ్వు అడిగావు. ఆవిడ వెళితే మంచిదనిపించింది. అంతే అనుకో.

నాకు ఇబ్బందులేం లేవు. మీ బావగారి పెన్షన్ వస్తోంది. నువ్వు అన్నం సరిగ్గా తింటున్నావా? కార్న్‌ఫ్లేక్స్ పాలల్లో వేసుకుని రెండుపూటలా అదే తింటున్నావని అమృత ఎప్పుడో చెప్పింది.

అక్క


కనాటా,
సెప్టెంబరు 30

అక్కా,

రాసేశాను. నీ ఉత్తరం రాకముందే. వచ్చి ఉన్నా రాసేవాణ్ణేమో, ఆ సంగతి దాచను. ఒక అబద్ధం అచ్చులో కనపడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు. "మీరు పొగిడిన ఎరుపు బ్రుసాత్తిది కాదు, సార్నియాలో ఒక తెలుగు గృహిణిది. దాని పేరు తిలకం. మా దేశంలో అది పెద్ద రాజకీయం" అని రెండు పేజీలు రాశాను. జవాబు లేదు.

"ఆవిడ వెళితే మంచిది" అన్న నీ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఎవరు చెప్పారు నీకు మంచిదని? భర్త పోయిన ఆడమనిషి బొమ్మ ఇంట్లో ఉంటే అరిష్టమని ఏ యూట్యూబ్ పంతులు చెప్పాడు? బావగారు పోయాక నువ్వు మెల్లమెల్లగా ఆ వీడియోల్లోకి జారిపోతున్నావని నాకు అనుమానం. టొరంటోలో గుళ్ళు కట్టడానికి డబ్బులుంటాయి. పక్కింట్లో ఒంటరిగా ఉన్న మనిషి తలుపు తట్టడానికి మాత్రం మనవాళ్ళకి తీరిక ఉండదు. మనం విమానంలో రెండు పెట్టెలు తెచ్చుకున్నాం అక్కా. ఒకదాంట్లో పచ్చళ్ళు, రెండోదాంట్లో ఆచారాలు. పచ్చళ్ళ పెట్టెని కస్టమ్స్ వాళ్ళు విప్పించారు, రెండోదాన్ని ఎవరూ విప్పమనలేదు.

నాకు బాధ ఎక్కడంటే, నువ్వు అలాంటిదానివి కాదు. బావగారు పోయాక నువ్వు బొట్టు పెట్టుకోవడమే మానేశావు. నేను ఎంత గర్వపడ్డానో నీకు తెలియదు. "మా అక్క ఏ చర్చా లేకుండా, ఒక్కరోజులో ఆ గుర్తుని వదిలేసింది" అని మీటింగుల్లో చెప్పాను. మగవాడి ఆస్తికి వేసే ముద్ర కదా అది. అలాంటి నువ్వు, నీ నుదుటిమీంచి తీసేసినదాన్ని పట్టుకెళ్ళి గోడమీద బొమ్మకి పెట్టడమేమిటి? అప్పట్లో మీ ఇంటికొచ్చినప్పుడే అడిగాను, "ఇటలీ కమ్యూనిస్టు గీసిన ఆవిణ్ణి ముత్తైదువని చేశావా?" అని. నువ్వు నవ్వి పెసరట్టు వేశావు.

డబ్బు సంగతి నువ్వు చెప్పవని తెలుసు. బ్యాంకు ఈమెయిల్ ద్వారా కొంత పంపాను. అది తెరవడానికి పాస్‌వర్డ్ అమ్మ పేరు. తీసుకో, బొమ్మని వెనక్కి తెప్పించుకో. బొట్టు మాత్రం ఇక పెట్టకు.

యోగానంద్


సార్నియా,
అక్టోబరు 11

యోగీ,

నీ డబ్బు వెనక్కి పంపాను. అమ్మ పేరు దీనికి వాడకు.

నీ రెండు పేజీలు వాళ్ళకి చేరాయి. క్లేర్ ఫోన్ చేసింది. కోప్పడలేదు. "నేను అడిగిన ప్రశ్న మీకు వేరేలా అర్థమైంది, తప్పు నాదే" అంది. ఇన్నేళ్ళలో తప్పు తనదని నాతో ఎవరైనా అనడం నాకు కొత్త. ఆ ఎరుపుని తుడిపించడానికి ఒకాయన ఉన్నాడట. "తుడవమంటారా, అలాగే ఉంచి అమ్మమంటారా? మీ ఇష్టం" అని అడిగింది. ఆలోచించుకుని చెబుతానన్నాను.

ఇప్పుడు నీకో సంగతి చెప్పాలి. ఫోన్‌లో చెప్పలేనిది ఇదే.

మీ బావగారి పదోరోజు గుర్తుందా? ఇల్లు నిండా జనం. నువ్వు హాల్లో పంతులుగారితో వాదిస్తున్నావు. గోదానానికి బదులు గిఫ్ట్ కార్డు తీసుకుంటానన్నాడని పట్టుకున్నావు. "ఈ కార్డు ఎన్ని లీటర్ల పాలు ఇస్తుందండీ?" అని నువ్వంటే మగవాళ్ళందరూ నవ్వారు. ఆ వాదనలో గెలిచావు కూడా. ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళాడు.

అదే సమయంలో వంటింట్లో మా ఆడపడుచు వీడియో కాల్‌లో ఉంది, కాకినాడ నుంచి. ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించారు. ఇక్కడి మన పక్కూరు లండన్ నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు నా చుట్టూ నిలబడ్డారు. ఆవిడ అక్కణ్ణుంచి ఒక్కొక్కటే చెబుతోంది, వీళ్ళు చేస్తున్నారు. గాజులయ్యాయి. బొట్టు దగ్గరికొచ్చేసరికి తడిగుడ్డ కనపడలేదు. ఒకావిడ హ్యాండ్‌బ్యాగులోంచి బేబీ వైప్, పసిపిల్లల్ని తుడిచే తడి కాగితం, తీసింది. "సారీ ఆంటీ, ఫార్మాలిటీయే" అంటూ ఒక్క తుడుపు తుడిచింది. తిలకం కదా, ఒక్కసారికి పోలేదు. మళ్ళీ గట్టిగా రుద్దింది. పిల్లల పౌడరు వాసన. ఇప్పటికీ కొట్లో ఆ వరస దగ్గరికి వెళ్ళను.

నీ గొంతు నాకు వినపడుతూనే ఉందిరా. మధ్యలో ఒక్క గోడ. ఇప్పుడు వస్తాడు, ఇప్పుడు వస్తాడు అనుకున్నాను. మా తమ్ముడు దీనిమీద పుస్తకమే రాశాడు కదా అనుకున్నాను. నేను నిన్ను పిలవలేదు, ఒప్పుకుంటాను. నువ్వు గెలుస్తున్నావు, మధ్యలో పిలవబుద్ధి కాలేదు.

బొట్టు నేను మానేయలేదు. మాన్పించారు. నువ్వు మీటింగుల్లో చెప్పుకుంది దాని గురించే.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక టేబుల్ దగ్గర కూర్చుంటే ఎదురుగా ఆవిడ. ఆవిడ ఎవరనుకున్నావు? తెరెసా అత్తగారికి అక్క. మొగుడు పోయిన రోజు కట్టిన నల్లబట్ట చచ్చిపోయేదాకా విప్పలేదట. వాళ్ళ ఊళ్ళో అది పద్ధతట. కొడుకు ఈ బ్రుసాత్తే, పెద్దవాడై, బొమ్మలు నేర్చుకుని, ఆ నలుపుతోనే ఆవిణ్ణి గీశాడు. తిలకం సీసా పారేయమని చెప్పి వెళ్ళారు వాళ్ళు. నాకు చేతులు రాలేదు. నేను పెట్టుకునే ధైర్యమూ లేదు. కుర్చీ ఎక్కి ఆవిడకి పెట్టాను. ఆవిడకైతే ఎవరూ తుడవరు కదా అని.

తరవాత నువ్వొచ్చి ముత్తైదువన్నావు. ఆ నెల పత్రికలో "మా బంధువొకావిడ ఇటలీ చిత్రానికి బొట్టు పెట్టిన వైనం" అని రాశావు కూడా. బాగా రాశావు. నవ్వొచ్చింది.

ఎందుకు అమ్ముతున్నానంటే. ఈ ఊళ్ళో సోమవారం మధ్యాహ్నం కెమికల్ ప్లాంట్ల సైరన్ పరీక్ష చేస్తారు. వారంలో నన్ను పలకరించేది అదొక్కటే. మిగతా రోజులు నేను ఆవిడతో మాట్లాడేదాన్ని. కూరలో ఉప్పు సంగతి, చలి సంగతి. మొన్న ఎండాకాలంలో ఒకరోజు కాఫీ రెండు కప్పులు కలిపి ఒకటి ఆవిడ ముందు పెట్టాను. పంచదార తక్కువైందంది. లేచి వంటింట్లోకి వెళ్ళి, చెంచాతో పంచదార తెచ్చి, కప్పులో వేసి కలిపాను. కలిపాక నాకు భయం వేసింది. ఆవిడ నిజంగా అనలేదని నాకు తెలుసు. అయినా లేచాను చూడు, దానికి.

అందుకు ఆవిడ వెళితే మంచిదన్నాను. నాకు ఏ పంతులూ చెప్పలేదు.

అక్క


కనాటా,
అక్టోబరు 17

అక్కా,

ఆ లండన్ ఆడవాళ్ళ పేర్లు నాకు కావాలి. ఫార్మాలిటీయా? మనిషి నుదుటిమీద బేబీ వైపా? కాకినాడ నుంచి పంచదార డబ్బాకి ఆనుకుని ఎనిమిదివేల మైళ్ళ అవతలి ఆడదాని మొహం తుడిపించగలిగినావిడ పేరు నాకు తెలుసు, ఆవిడకి ఇవాళే రాశాను. ఎంత నాజూకు కిరాతకం ఇది! వాళ్ళు ఉద్యోగాలు చేస్తారు, కార్లు నడుపుతారు, ఎన్నికల్లో ఓటు వేస్తారు. తలుపు మూయగానే మళ్ళీ అదే వంటిల్లు. ఇటలీలోనూ అంతే, నల్లబట్ట కట్టించి కూర్చోబెట్టారు. దేశానికో రంగు, బాధ పడాల్సింది మాత్రం ఎక్కడైనా ఆడదే.

నువ్వు బొట్టు మానడం స్వేచ్ఛ అనుకున్నాను. ఇక్కడ ఎవరు పెట్టుకుంటున్నారు గనక? ఆఫీసుల్లో ఆడవాళ్ళు చూడు, ఎవరికీ ఉండదు. నాకెలా తెలుస్తుంది? నువ్వు ఒక్కమాట చెబితే ఆ రోజు నేను ఆ ఇల్లు పీకి పందిరి వేసేవాణ్ణి. ఒక్క కేక వేసి ఉంటే.

ఒక్క గోడే కదా, అక్కా.

అది సరే. ఇప్పుడు చెయ్యాల్సింది చేద్దాం. ఆ బొట్టుని తుడవనివ్వకు. ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అది ఇప్పుడు సాక్ష్యం. బ్రుసాత్తి బొమ్మ అందులో సగమే, మిగతా సగం నీది. ఇద్దరు విధవలు, రెండు ఖండాలు, ఒకే కాన్వాసు! దాన్ని ఏ బిల్డరుకో అమ్మడం కాదు, మ్యూజియంలో పెట్టాలి, పక్కన నీ కథ రాసి పెట్టాలి. నేను రాస్తాను. మొదలుపెట్టాను కూడా. క్లేర్‌కి ఫోన్ చేసి తుడిస్తే ఊరుకోనని చెప్పాను. ఆ అమ్మాయి "ఆవిడ నిర్ణయం ఆవిడది సర్" అంది. వ్యాసం పూర్తవగానే పట్టుకుని వస్తాను. ఏడుగంటల డ్రైవ్ నాకో లెక్క కాదు. చదివి వినిపిస్తాను.

నీ
యోగి


సార్నియా,
నవంబరు 8

ఒరేయ్ యోగీ,

నువ్వు వస్తావని రెండు వారాలు చూశాను. వ్యాసం ఇంకా పూర్తి కాలేదు కాబోలు.

తుడిపించేశాను. కోప్పడు, పరవాలేదు. ఆవిడ నుదుటిమీద ఉన్నది సాక్ష్యమేరా, కాదనను. కానీ ఆవిడ నాకు సాక్ష్యం చెబుతానని ఎప్పుడు ఒప్పుకుంది? నన్ను అడక్కుండా నాకు తుడిచారు. ఆవిణ్ణి అడక్కుండా నేను పెట్టాను. నువ్వు ఇద్దర్నీ అడక్కుండా మ్యూజియంలో నిలబెడతానంటున్నావు.

తుడిచేటప్పుడు చూస్తానని అడిగితే రమ్మన్నారు. మా ఊరినుంచి టొరంటోకి రోజుకి ఒక్క రైలు. వెళ్ళాను. ముసలాయన, పేరు అడగలేదు. చిన్న పుల్లకి దూది చుట్టి, నాలుకమీద తడి చేసుకుని, ఆ తడితోనే ముందు అంచులు మెత్తబరిచాడు. ఉమ్మి అన్నిటికన్నా మంచిదట, రంగుకి దెబ్బ తగలదట. మొదట నాకు అదోలా అనిపించింది. తరవాత చూస్తూ ఉండిపోయాను. ఒక దూదికి కాస్త ఎరుపు. అది పడేసి ఇంకోటి. ఎక్కడా గట్టిగా రుద్దలేదు. మధ్యమధ్యలో ఆపి, వెనక్కి జరిగి, ఆవిడ మొహంలోకి చూసి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. నా శుక్రవారాలన్నీ ఒక్కొక్క పొరే వచ్చేశాయి. అన్నిటికన్నా కింద, మొదటిరోజు పెట్టినది, నల్లగా ఉంది.

నాకూ అలా తుడిచి ఉంటే, ఇంత బాధ ఉండేది కాదేమో.

అంతా అయ్యాక ఆవిడ కొత్తగా ఉంది. నాకు తెలిసినావిడ కాదు. నేనెవరో తనకి తెలియనట్టు చూసింది. అంతకుముందూ అలాగే చూసేదేమో, నేనే గమనించలేదు. వేలంలో ఎవరో తీసుకున్నారు. పేరు చెప్పరట. అడగలేదు.

ఇంటికొచ్చేసరికి గోడమీద మేకు, దానికింద కాస్త తెల్లగా చోటు. చూడలేక మీ బావగారి షేవింగ్ అద్దం తెచ్చి ఆ మేక్కి తగిలించాను. పొద్దున్న టేబుల్ దగ్గర కూర్చుంటే ఎదురుగా నేనే. తరవాత లేచి తిలకం సీసా తెచ్చాను. అడుగున కాస్త మిగిలింది. పెట్టుకున్నాను. కొంచెం పక్కకి పోయింది, మళ్ళీ దిద్దుకున్నాను. నువ్వు దీన్ని మగవాడి ముద్ర అంటావు. అను. అమ్మ నాకు ఇది పెట్టినప్పుడు మీ బావగారు ఎక్కడ ఉన్నారో ఎవరికీ తెలియదు.

దాంతో బయటికి వెళ్ళాను. గుంటూరు అమ్మాయి "షాపింగా ఆంటీ?" అంది. కొట్లో కౌంటరావిడ "హ్యావ్ ఎ గుడ్ వన్" అంది. లైబ్రరీకి కూడా వెళ్ళాను. ఒక్కరూ చూడలేదు. చూసినవాళ్ళకి అది అక్కడ ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. మరి ఎనిమిదేళ్ళు లేనప్పుడూ ఎవరూ చూడలేదు కదా. అంటే ఇన్నేళ్ళు నేను ఎవరికి భయపడి నుదురు బోడిగా ఉంచాను? పంచదార డబ్బాకి ఆనించిన ఆ ఫోన్‌కా? దాన్ని ఎప్పుడో రీసైక్లింగ్‌లో వేశాను.

ఇది చూసి అర్థం చేసుకోగలిగిన మనిషి ఈ దేశంలో నాకు ఒక్కడే ఉన్నాడు. వాడికి చదవడం వచ్చు, రాయడం వచ్చు. చూడటం అలవాటు లేదు.

రావాలనిపిస్తే రా. వ్యాసం తేకు. గుమ్మంలో నిలబడి, నోరు తెరవకుండా, ముందు నా మొహం చూడు. బాగుందో లేదో తరవాత చెబుదువుగాని. గోంగూర ఉంది.

కాఫీ ఇప్పటికీ రెండు కప్పులే కలుస్తోందిరా. చెయ్యి అలవాటు మారలేదు.

అక్క